అరుదైన సీతాకోకచిలుకల స్టాంపుల పేరిట మోసం: కొనబోయేవారు ఒకసారి చదవండి

హనుమకొండలో ఉంటూ ఇరవై ఏళ్లుగా స్టాంపులు సేకరిస్తున్నాను. అందులోనూ అంతరించిపోయే దశకు చేరిన సీతాకోకచిలుకలు, ఇతర కీటకాల బొమ్మలున్న స్టాంపులంటే నాకు ప్రాణం. గత నెలలో ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు వద్ద 46 స్టాంపులు, 3 షీట్లు ఉన్న కట్టను 3,800 రూపాయలకు కొని మోసపోయాను. నా డబ్బు సంగతి అలా ఉంచితే, కాజీపేటలోని మా మిత్రుడి కొడుకు, పదో తరగతి చదివే పిల్లవాడు, పండుగలకు పెద్దలిచ్చిన డబ్బు కూడబెట్టి అదే మనిషి దగ్గర కొనబోతున్నాడని తెలిసి ఇది రాస్తున్నాను.

ఆ కట్టలో నేను కోరుకున్నది మన తపాలా శాఖ 1981లో విడుదల చేసిన నాలుగు సీతాకోకచిలుకల సెట్టు. రెండు రూపాయల స్టాంపు మీద కైసర్-ఎ-హింద్ ఉంటుంది. తూర్పు హిమాలయాల అడవుల్లో ఎగిరే ఈ ఆకుపచ్చ సీతాకోకచిలుకను అరుణాచల్ ప్రదేశ్ తన రాష్ట్ర సీతాకోకచిలుకగా ఎంచుకుంది. పట్టడం, అమ్మడం నేరమయ్యేలా వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ కల్పిస్తోంది. అమ్మకందారు ఈ సెట్టును ‘మింట్ (అంటే అసలు వాడనిది), వెనుక గమ్ చెక్కుచెదరలేదు’ అని రాసి అమ్మాడు.

స్టాంపును పట్టకారుతో ఎత్తి అంచును వేలికొసతో తాకగానే అనుమానం వచ్చింది. షీటు నుంచి చించిన అసలు స్టాంపు అంచున ఉండే పళ్ల చివర కాగితపు నూగు మెత్తగా తగులుతుంది. దీని పళ్లు మాత్రం గట్టిపడి, గుచ్చుకుంటున్నట్టున్నాయి. భూతద్దం కింద చూస్తే గమ్ పళ్ల కొసల దాకా పాకి, అక్కడక్కడా చిన్న గడ్డలుగా ఎండి ఉంది. గమ్ పూసిన షీటుకే తర్వాత రంధ్రాలు వేస్తారు కనుక అసలు స్టాంపు పళ్ల కొసలకు గమ్ ఇలా అంటుకోదు. ఇంకా పరిశీలిస్తే ఒక మూలన తపాలా ముద్ర వంపు లీలగా కనిపించింది. అంటే ఉత్తరం మీద వాడిన స్టాంపును నానబెట్టి ఊడదీసి, ముద్రను కడిగి, వెనుక మళ్లీ గమ్ రాసి కొత్తదిగా అమ్మారన్నమాట. వాడిన స్టాంపుగా చెప్పి ఆ ధరకే అమ్మి ఉంటే నాకే అభ్యంతరమూ ఉండేది కాదు.

రెండో మోసం షీట్లలో బయటపడింది. ‘తువా’ పేరుతో ఉన్న ఒక షీటు మీద క్వీన్ అలెగ్జాండ్రా బర్డ్‌వింగ్ బొమ్మ ఉంది. ప్రపంచంలోకెల్లా పెద్దదైన ఈ సీతాకోకచిలుక పాపువా న్యూగినీలో మాత్రమే ఉంటుంది. వేరే దేశపు కీటకాన్ని వేయడం తప్పేమీ కాదు, చాలా దేశాల తపాలా శాఖలు ఆ పని చేస్తున్నాయి. తప్పు ఆ పేరులోనే ఉంది. తువా 1921 నుంచి 1944 వరకు విడి దేశంగా ఉండేది, అప్పటి దాని స్టాంపులు నిజమైనవే, సేకరించేవారిలో వాటికి మంచి పేరు కూడా ఉంది. ఇప్పుడది రష్యాలో ఒక భాగం, దానికంటూ వేరే తపాలా వ్యవస్థ లేదు. సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమయ్యాక ఇలాంటి ప్రాంతాల పేర్లతో ప్రైవేటు వ్యక్తులు అచ్చువేసిన రంగురంగుల కాగితాలను ఏ తపాలా కార్యాలయమూ ఎన్నడూ అమ్మలేదు. పిల్లలు బొమ్మ చూసి మురిసిపోతారు, పాత స్టాంపుల పేరు విన్న పెద్దలు దేశం పేరు చూసి నమ్ముతారు.

న్యాయంగా చెప్పాలంటే, ఆ కట్టలోనే ఉన్న 2008 నాటి అండమాన్ నికోబార్ సీతాకోకచిలుకల సెట్టు అసలైనదే. అలాంటివి నాలుగు పైన పేర్చి ఫోటో తీయడం వల్లనే మిగతా కట్టనంతా నమ్మాను.

2002 నుంచి విడుదలైన స్టాంపులను ప్రపంచ తపాలా సంఘం డబ్ల్యూఎన్ఎస్ అనే పద్ధతిలో నమోదు చేసి, ఒక్కొక్క దానికి దేశపు సంకేతాక్షరాలతో మొదలయ్యే సంఖ్య ఇస్తోంది. అన్ని దేశాలూ అందులో చేరలేదు కాబట్టి అక్కడ కనిపించనంత మాత్రాన నకిలీ అనుకోకూడదు గానీ, కొత్త విదేశీ స్టాంపులు కొనేముందు ఆ సంఖ్య అడగండి. పాతవైతే వెనుక వైపును, అంచులను దగ్గరగా తీసిన ఫోటోలు పంపమనండి. నేను ముందు వైపు ఫోటోతోనే తృప్తిపడ్డాను.

వాపసు అడిగితే కట్ట విప్పాక తీసుకోనని ఆ మనిషి బదులిచ్చాడు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, చెల్లింపు రసీదు, అమ్మకపు ప్రకటన స్క్రీన్‌షాట్లతో ఫిర్యాదు చేశాను. ఆ ప్రకటనను అతడు తీసేయకముందే స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోవడం ఎంత మేలైందో అప్పుడు తెలిసింది.

మన దేశపు కొత్త స్టాంపులు కావలసినవారికి తపాలా శాఖ ఫిలాటెలిక్ (స్టాంపుల సేకరణ) డిపాజిట్ ఖాతా ఉంది. 200 రూపాయలతో తెరిస్తే కొత్త విడుదలలు ముఖవిలువకే, అంటే స్టాంపు మీద ఉన్న ధరకే, ఇంటికి వస్తాయి. కాజీపేట పిల్లవాడికి మొన్న ఆ ఫారం నేనే దగ్గరుండి నింపించాను. గమ్ రాసిన కైసర్-ఎ-హింద్ స్టాంపు, ఆ తువా షీటు నా దగ్గరే ఉన్నాయి. వరంగల్, కరీంనగర్ వైపు వారెవరైనా తమ స్టాంపులతో పోల్చి చూసుకోవాలనుకుంటే తప్పక చూపిస్తాను.