కనజవా కోట వాకిలి, ఇషికావా-మోన్ దగ్గర ఒక పూట

అమ్మానాన్న టోక్యో వచ్చినప్పుడు ఎక్కడికి తీసుకెళ్దామా అని తెగ ఆలోచించి చివరికి కనజవా వెళ్ళాం, షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో రెండున్నర గంటలే. అందరిలాగే మేమూ కెన్రోకుఎన్ తోట కోసమే వెళ్ళాం గానీ నా మనసు పట్టేసింది మాత్రం ఆ తోటకి ఎదురుగా, వంతెన దాటగానే ఉండే ఇషికావా-మోన్.

నిజానికి ఇది కోటకి వెనక వాకిలి. 1759లో ఊరు తగలబడినప్పుడు కాలిపోతే 1788లో మళ్ళీ కట్టారు, 1881లో ఇంకో అగ్నిప్రమాదంలో కోట చాలావరకు పోయినా ఇది నిలబడింది. పైకప్పు చూస్తే మంచు పడిందేమో అనిపిస్తుంది, సీసం రేకులు తొడిగిన పెంకులు, ఏళ్ళు గడిచేకొద్దీ అలా తెల్లబడతాయట. యుద్ధమొస్తే కరిగించి తూటాలు చేసుకోడానికే అని ఒక కథ కూడా చెప్తారు.

మొదటి తలుపు దాటితే లోపల చుట్టూ గోడలతో నాలుగు పలకల ఆవరణ, శత్రువు నేరుగా దూసుకుపోకుండా అక్కడ పక్కకి తిరగాల్సిందే. మన గోల్కొండలో బాలా హిసార్ దర్వాజా ముందు అడ్డుగోడ గుర్తొచ్చింది నాన్నకి. అక్కడే ఒక గోడ రాళ్ళు సందు లేకుండా చెక్కి పేర్చారు, ఇంకో గోడవి కాస్త మొరటుగా ఉన్నాయి, కొన్ని రాళ్ళ మీద చెక్కిన గుర్తులు కూడా ఉన్నాయి, నాన్న వాటి మీద వేలు పెట్టి చూపిస్తూ అరగంట కదల్లేదు. జనం మాత్రం ఒక ఫోటో తీసుకుని వెళ్ళిపోతున్నారు, అది చూస్తే బాధేసింది. దీనికి టికెట్ లేదు, తోటకి మేం వెళ్ళినప్పుడు 320 యెన్లు.

బస రెండు రాత్రులు రెండు చోట్ల. స్టేషన్ పక్క హోటల్ గది ఇరుకు, రెండు సూట్‌కేసులు ఒకేసారి తెరవలేం, కానీ లిఫ్ట్ ఉంది, బస్సులు గుమ్మం ముందే. రెండోది పాతకాలం చెక్క ఇల్లు, గడ్డి చాపల వాసన, చిన్న పెరడు, ఎంత బాగుందో, కానీ మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉండి అమ్మ మోకాళ్ళు పట్టేశాయి, బుక్ చేసేటప్పుడు ఆ సంగతి ఎక్కడా రాయలేదు. పెద్దవాళ్ళతో అయితే స్టేషన్ దగ్గరే ఉండండి.

తిండి దగ్గర శాకాహారులకి కష్టమే, సూప్‌లో కూడా చేపల రసం ఉంటుంది, మేం ఊమెబోషి ఒనిగిరి (పుల్లటి ఊరగాయ పండు పెట్టిన అన్నం ముద్దలు), ఇంటినుంచి తెచ్చిన పులిహోరతో లాగించాం. గొడుగు మాత్రం మర్చిపోవద్దు, అన్నం డబ్బా మర్చిపోయినా గొడుగు మర్చిపోకు అని ఆ ఊళ్ళో సామెతే ఉంది. రెండోరోజు పొద్దున్నే ఏడింటికి, కోట పార్క్ తెరవగానే, వానలోనే నాన్న మళ్ళీ ఆ వాకిలి దగ్గరికే తీసుకెళ్ళమన్నాడు.