‘ఆల్ మై బేబీస్’: నర్సింగ్ క్లాసులో వేయదగ్గ పాత డాక్యుమెంటరీ

ప్రసవం పాఠాన్ని చార్టులతో చెప్పి విసుగెత్తిన టీచర్లు 1953 నాటి ఈ అమెరికన్ సినిమా వేసి చూడండి. జార్జియా రాష్ట్ర ఆరోగ్యశాఖ మంత్రసానుల శిక్షణ కోసం జార్జ్ స్టోనీతో తీయించింది, ఆల్బనీకి చెందిన నల్లజాతి మంత్రసాని మేరీ కోలీ వెంటే కెమెరా నడుస్తుంది, చేతులు రుద్ది రుద్ది కడుక్కోవడం దగ్గర్నుంచి బిడ్డ బయటికొచ్చేదాకా ఏదీ దాచలేదు. మా స్టూడెంట్లు మొదట్లో కిసుక్కుమన్నారు గానీ, నొప్పులు మొదలయ్యాక ఒక్కరూ ఫోన్ తీయలేదు. తల్లికి ఆమె ధైర్యం చెప్పే తీరు ఏ టెక్స్ట్‌బుక్‌లో ఉంటుంది చెప్పండి! కొన్ని సీన్లు చెప్పి చేయించినవే, యాస కూడా కాస్త కష్టం, మధ్యమధ్యలో ఆపి తెలుగులో వివరించాలి. పద్ధతులు డెబ్బై ఏళ్ల నాటివి కాబట్టి ఇప్పటి లేబర్ రూమ్ ప్రొటోకాల్ అదే రోజు విడిగా చెప్పేయండి.