కొడవలి కోతా, మిషన్ కోతా?

వరి చేను పండు రంగు తిరిగిందంటే చాలు, "మిషన్ పెట్టమంటారా, మనుషులతో కోయించమంటారా?" అని అడగడం మొదలవుతుంది. అడిగేవాళ్లు చూసుకునేది కూలి ఖర్చు, పట్టే రోజులు. ఆ రెండింట్లోనూ కోత, నూర్పిడి ఒకేసారి చేసే కంబైన్ మిషన్‌దే పైచేయి. నేను మాత్రం ముందు ఒకటే అడుగుతాను: కోసిన గింజను ఎక్కడ ఆరబెడతారు?

గింజలో తేమ 20 నుంచి 25 శాతం ఉన్నప్పుడు కోతకు దిగుతాం. నిల్వ చేయాలంటే అది 14 శాతానికి తగ్గాలి. కొడవలితో కోసిన వరిని గుత్తులుగా, అంటే పనలుగా, పరిస్తే ఆ తేమలో చాలా భాగం చేలోనే ఎండకూ గాలికీ దిగిపోతుంది. మిషనైతే పచ్చి గింజను రాశి పోసి పక్క పొలానికి వెళ్లిపోతుంది. ఆ రాశిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడండి, పైన చల్లగా ఉన్నా లోపల వెచ్చగా తగులుతుంది. ఒక రోజులోపు పలచగా నెరిపి ఆరబెట్టకపోతే గింజ రంగు మారి ముక్కిన వాసన పడుతుంది. అంత జాగా, పట్టాలు, తిరగేసే మనుషులు లేనివాళ్లకు మిషన్ తెచ్చిన తీరిక ఒక్క పూటే.

అయితే పనల మీద వాన పడితే కొడవలి కోత గతి ఇంకా అధ్వాన్నం. ఎండి, తడిసి, మళ్లీ ఎండిన గింజ లోపల బీటలిస్తుంది, మరపట్టిస్తే నూక పెరుగుతుంది. ముసురు వదలకపోతే పన మీదే మొలకలొస్తాయి. మబ్బు పట్టిందంటే నేనూ మిషన్‌నే పిలుస్తాను. నేల తడిగా ఉంటే చైన్ల మీద నడిచే మిషన్, ఆరి ఉంటే టైర్లదైనా చాలు. రీపర్ అనే చిన్న యంత్రమైతే కోసి వరుసగా పడేస్తుందంతే, నూర్పిడి పని మిగిలే ఉంటుంది. చిన్న కమతాలకు ఫరవాలేదు.

విత్తనానికి ఉంచుకునే మడిని మాత్రం మిషన్‌కు ఇవ్వకండి. నేను ఒకసారి ఇచ్చాను. తర్వాతి పంటలో పొట్టి వరి మధ్య అక్కడక్కడా పొడుగు కంకులు తలెత్తి నిలబడ్డాయి. అంతకుముందు ఎవరి చేలోనో కోసిన రకం మిషన్‌లో మిగిలి నా విత్తనంలో కలిసింది. ఆ బెరుకులు ఏరేసరికి నడుములు పడిపోయాయి.

గడ్డి సంగతీ చూడాలి. కొడవలి నేలకు దగ్గరగా కోస్తుంది కాబట్టి వాము వేసుకోవడానికి నిలువు గడ్డి దక్కుతుంది. మిషన్ వెనక నలిగిన గడ్డి, ఎత్తుగా మిగిలిన కొయ్యలు ఉంటాయి. వాటికి నిప్పు పెడితే పొలానికి ఎరువు కావలసింది పొగైపోతుంది.

నాకు మనసులో ఉండేది ఇంకొకటి, పరిగె. కోతగాళ్ల వెనక వంగి, రాలిన కంకులు ఒక్కొక్కటే ఒడిలో వేసుకునే ముసలమ్మ కూడా ఆ పంటలో భాగస్తురాలే. పొలం లేనివాళ్లకు పంటలో వాటా అలా అందేది. మిషనూ గింజ రాలుస్తుంది, కానీ గడ్డి కింద విడి గింజగా రాలుస్తుంది. అది ఎవరి ఒడిలోకీ రాదు.

ఈసారి ఎక్కువ మళ్లు మిషన్‌కే ఇచ్చాను. విత్తనం మడి, పశువుల మేత కోసం దాని పక్కనున్న ఇంకో మడి కొడవలికి ఉంచాను. ఆ రెండింట్లో రాలిన కంకులు ఊడ్చుకురావద్దని కోతవాళ్లకు ముందే చెప్పాను.