జాగ్రత్త: యూకేలో ‘జాతి వివక్ష నివారణ శిక్షణ’ పేరుతో ఆన్‌లైన్ కోర్సులు కొనేవాళ్లకు

యూకేలో కేర్ హోమ్‌లు, సపోర్టెడ్ లివింగ్ ఇళ్లు (సాయం అవసరమైనవాళ్లు సిబ్బంది తోడుతో ఉండే ఇళ్లు) నడుపుతున్న మనవాళ్ల కోసం ఇది. మానసిక ఆరోగ్య సేవల్లో, పోలీసులతో వ్యవహారాల్లో జాతి వివక్ష లేకుండా చూడడం మీ స్టాఫ్‌కి నేర్పిస్తామంటూ ఈమధ్య తెగ ఫోన్లు వస్తున్నాయి. బర్మింగ్‌హామ్‌లో మా చిన్న ఇంటికి అలాంటి ప్యాకేజీ ఒకటి తీసుకున్నాం. 1,200 పౌండ్లు. కంపెనీ పేరు రాయను. సరుకు ఎలా ఉందో చెబుతాను, ఎవరి దగ్గర ఇలాంటిది కనిపించినా డబ్బు కట్టకండి.

అందులో ఒక క్విజ్. రిసెప్షన్ దగ్గర ఒక కుర్రాడు గట్టిగా అరుస్తున్నాడు, మీరు మొదట ఏం చేస్తారు? కుర్రాడి పేరు డేవిడ్. సరైన జవాబు: కూర్చోబెట్టి, ఏమైందని అడగాలి. కాసేపటికి అదే ప్రశ్న, అక్షరం కూడా మారలేదు. ఈసారి ఫొటోలో నల్లజాతి కుర్రాడు, పేరు క్వామె. సరైన జవాబు: దూరంగా ఉండి అత్యవసర నంబరు 999కి ఫోన్ చేయాలి. నైట్ షిఫ్ట్‌లో పనిచేసే మా నైజీరియా సహోద్యోగి రెండు చోట్లా ‘కూర్చోబెట్టి అడుగుతాను’ అనే టిక్ పెట్టింది. రెండోదానికి ఎర్రటి ఇంటు మార్కు. ఆ ఒక్క ప్రశ్నతో ఆవిడ ఫెయిల్. వివక్ష నివారణ కోర్సులో!

మన గురించీ ఒక స్లైడ్ ఉంది. చీర కట్టుకున్నావిడ నమస్కారం పెడుతుంటుంది, కింద ‘వీళ్లు తమవాళ్లను తామే చూసుకుంటారు’ అని రాసి ఉంటుంది. అంతే.

దీన్ని నవ్వి వదిలేయలేం. ఇంగ్లండ్‌లో 2022-23లో మెంటల్ హెల్త్ యాక్ట్ (మానసిక రోగులను వాళ్ల ఇష్టం లేకపోయినా ఆస్పత్రిలో ఉంచడానికి వీలిచ్చే చట్టం) కింద నిర్బంధించే అవకాశం తెల్లవాళ్లతో పోలిస్తే నల్లజాతి వాళ్లకు మూడున్నర రెట్లు ఎక్కువ. 2010లో లండన్‌లోని బెత్లెమ్ రాయల్ ఆస్పత్రిలో సొంత ఇష్టంతో చేరిన ఒలాసెనీ లూయిస్ అనే 23 ఏళ్ల కుర్రాణ్ని 11 మంది పోలీసులు అదిమిపట్టారు. అతను బతకలేదు. అతని కుటుంబం ఏళ్ల తరబడి పోరాడితే 2018లో ‘సెనీ చట్టం’ వచ్చింది. మానసిక వైద్య వార్డుల్లో బలప్రయోగం తగ్గించడం, వివక్ష చూపకపోవడం సిబ్బందికి నేర్పాలని అందులో ఉంది. మనలాంటి ఇళ్లకు అది నేరుగా వర్తించదు, నిజమే. కానీ ఈ విషయం మీద కోర్సు అమ్మేవాళ్ల స్లైడ్లలో ఆ పేరే లేకపోవడం ఏమిటి?

ఇక సేల్స్ మాటలు. ‘సీక్యూసీ (ఇంగ్లండ్‌లో కేర్ హోమ్‌లను, ఆస్పత్రులను తనిఖీ చేసే సంస్థ) ఆమోదించింది’ అన్నారు. సీక్యూసీ ఏ శిక్షణ కోర్సునూ ఆమోదించదు, ఆ మాట వినగానే ఫోన్ పెట్టేయండి. ‘పీసీఆర్‌ఈఎఫ్ సర్టిఫికెట్’ ఇస్తామన్నారు. పీసీఆర్‌ఈఎఫ్ (పేషెంట్ అండ్ కేరర్ రేస్ ఈక్వాలిటీ ఫ్రేమ్‌వర్క్) అనేది జాతి వివక్ష తగ్గించడానికి ఎన్‌హెచ్‌ఎస్ మానసిక ఆరోగ్య ట్రస్టులు పాటించాల్సిన పద్ధతి, గోడకు తగిలించుకునే కాగితం కాదు. ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్ సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. సీపీడీ (ఉద్యోగులు నైపుణ్యం పెంచుకునే శిక్షణ) ముద్ర కూడా ప్రైవేటు సంస్థలు ఫీజు తీసుకుని ఇచ్చేదే, ప్రభుత్వానిది కాదు.

డబ్బు వెనక్కి అడిగితే ‘కంటెంట్ అప్‌డేట్ చేశాం’ అని మెయిల్ వచ్చింది. చూస్తే క్వామెను జేమ్స్ చేశారు. ఫొటో అదే, జవాబూ అదే. పైగా ఆన్‌లైన్‌లో కొన్నది 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కు వ్యక్తులుగా కొన్నవాళ్లకే. కంపెనీ పేరు మీద కొంటే వాళ్ల కాంట్రాక్టులో ఏం రాసుంటే అదే.

అందుకని కట్టేముందే మొత్తం కోర్సుకు ట్రయల్ లాగిన్ అడగండి, ముఖ్యంగా క్విజ్‌లు చూడండి. తయారుచేసిన వాళ్లలో నిర్బంధంలో ఉండి వచ్చినవాళ్లుగానీ, వాళ్ల కుటుంబసభ్యులుగానీ ఉన్నారా అని అడగండి. మా సేల్స్ అతనికి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. పోలీసులు, కోర్టులు, జైళ్లలో జాతి వివక్ష మీద ఎంపీ డేవిడ్ లామీ 2017లో ఇచ్చిన లామీ నివేదిక కూడా ఉచితమే. అప్పట్లో ఇంగ్లండ్, వేల్స్ జనాభాలో 14 శాతం ఉన్న మైనారిటీ జాతులవాళ్లు జైళ్లలో 25 శాతం ఎందుకున్నారో అది అడుగుతుంది. ప్రస్తుతానికి మా స్టాఫ్ మీటింగుల్లో దాన్నే కొంచెం కొంచెంగా చదువుతున్నాం.