గూగుల్‌లో వెతికి చదవడమా, యూట్యూబ్ చూడటమా: ఏది మేలు?

"అన్నా, నేర్చుకోవడానికి గూగుల్ మంచిదా, యూట్యూబ్ మంచిదా?" మహబూబ్‌నగర్‌లో గ్రంథాలయానికి వచ్చే తమ్ముళ్లు వారానికి ఒకసారైనా అడుగుతారు. వాళ్లలో గ్రూప్స్‌కు చదివేవాళ్లున్నారు, ఎక్సెల్ నేర్చుకుని హైదరాబాద్‌లో పని చూసుకోవాలనేవాళ్లున్నారు.

చేత్తో చేసి నేర్చుకునే పనికైతే యూట్యూబే. ఎక్సెల్‌లో పెద్ద పట్టికను కుదించి లెక్కలు చూపే పివట్ టేబుల్ గురించి పది పేజీలు చదివినా ఎక్కదు. మౌస్ ఎటు పోతుందో చూస్తూ, వీడియో ఆపి ఆపి మనమూ చేస్తే గంటలో వస్తుంది.

విషయం తెలుసుకోవాలంటే మాత్రం నేను వెతికి చదవడం వైపే. ప్రశ్న ఎవరిదన్నదే నాకు ముఖ్యం. గూగుల్‌లో ప్రశ్న మనం టైప్ చేస్తాం. యూట్యూబ్‌లో మొదటి వీడియో మనం అడిగింది, రెండోది అది చూపించింది. నాలుగోదానికి వచ్చేసరికి ఫోన్ ఎందుకు తీశామో గుర్తుండదు.

పోయిన చలికాలం ఒక వీడియో చూస్తూ తెలంగాణ జిల్లాలు 31 అని నోట్సులో రాసుకున్నాను. వీడియో పాతది, తేదీ చూడలేదు. 2016 అక్టోబర్ 11న 31 జిల్లాలయ్యాయి. 2019 ఫిబ్రవరి 17న ములుగు, నారాయణపేట వచ్చి 33 అయ్యాయి. మాది మక్తల్, అంటే నారాయణపేట జిల్లానే. వీడియోలో ఆయన చెబుతుంటే చెయ్యి రాసుకుంటూ పోయింది, సొంత జిల్లా లెక్కలో లేదన్న ఆలోచనే రాలేదు. ఆ పేజీ చూసిన రోజు చాలా బాధేసింది.

అప్పటి నుంచి ఫోన్ తీసే ముందు నోటుబుక్ ఎడమ పేజీలో ప్రశ్న రాస్తాను. జవాబు కుడి పేజీలో, దాని కింద ఎక్కడ చదివానో, అది ఏ సంవత్సరం రాసిందో. ప్రభుత్వ లెక్కలు కావాలంటే గూగుల్‌లో ప్రశ్న పక్కన సైట్ అని, కోలన్ పెట్టి, గవ్ డాట్ ఇన్ అని ఇంగ్లిష్‌లో (site:gov.in) కొడితే ప్రభుత్వ పేజీలే వస్తాయి. కనీసం రెండు చోట్ల ఒకే మాట కనిపిస్తేనే పెన్నుతో రాస్తాను, లేదంటే పెన్సిల్‌తో.

ఏఐ యాప్‌లు అర్థం కానిది విడమరిచి చెప్పించుకోవడానికి బాగుంటాయి. తేదీలకు నమ్మొద్దు, తప్పును కూడా గట్టిగానే చెబుతాయి. టెలిగ్రామ్‌లో తిరిగే పీడీఎఫ్‌లు ఎవరు రాశారో తెలియదు, వాటి జోలికి పోను.

నిన్న ఎడమ పేజీలో రాసిన ప్రశ్న: పాలమూరు పేరు మహబూబ్‌నగర్‌గా ఎప్పుడు మారింది? 1890లో, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీద. రెండు చోట్ల చూశాకే పెన్నుతో రాశాను.