అల్లం మడికి 50 శాతం ఆకుపచ్చ షేడ్ నెట్: రెండు నెలలు బంగారం, ఆ తర్వాత భారం

రేటింగ్: 5కి 3

గుంటూరులోనైనా, బెజవాడలోనైనా సగం ఎండను ఆపే ఈ నీడ వలలో సులువుగా దొరికేది 3 మీటర్ల వెడల్పు, 50 మీటర్ల పొడవున్న చుట్టే. పది సెంట్లకు మూడు చుట్టలు పడతాయి.

మే నెల ఎండలో దీని పనితనం బాగుంది. అప్పుడే మొలిచిన అల్లం ఆకు ఆరుబయట అంచులు మాడి చుట్టుకుపోతుంది, నెట్ కింద పచ్చగా నిలుస్తుంది. మట్టి తడి కూడా త్వరగా ఆరదు. చిక్కు వచ్చేది వానలు మొదలయ్యాకే. అల్లానికి కావలసిన నీడ 25–30 శాతం. మబ్బు పట్టిన రోజుల్లోనూ సగం వెలుగు ఆపేస్తే కాండాలు వెలుగు కోసం సన్నగా సాగి ఒరిగిపోతాయి, పిలకలు తగ్గుతాయి. పైకి చూస్తే ఆకు ముదురు పచ్చగా నవనవలాడుతుంది కాబట్టి పంట బాగుందనే అనిపిస్తుంది. తవ్వితే దుంప చిన్నది, నీరు ఎక్కువ, ఎండబెడితే శొంఠి తక్కువ. అలాగని పూర్తిగా ఎండకు వదిలేసినా నష్టమే, వానాకాలంలో ఆకుమచ్చ తెగులు ఆరుబయటే ఎక్కువ.

నెట్ కింద ఆరుబయట లెక్కన నీళ్లు పెట్టకూడదు. వేలు మట్టి లోపలికి దించి తడి తగిలితే ఆ విడత నీళ్లు ఆపేయాలి. నీరు నిలిస్తే దుంపకుళ్లు తప్పదు. మడి అడుగు ఎత్తున ఉండాలి, మడికీ మడికీ మధ్య నీరు పోయే కాలువ ఉండాలి.

రంగు విషయంలోనూ మార్కులు తగ్గించాం. ఆకు బాగా వాడుకునేది ఎరుపు, నీలం కాంతి. ఆకుపచ్చ వల ఆపేదీ వాటినే. తెలుపు లేదా నలుపు 35 శాతం రకం దొరికితే అదే తీసుకోండి. చుట్ట మీద రాసిన శాతాన్ని నమ్మేయకుండా ఫోన్‌లో వెలుగు కొలిచే లక్స్ యాప్ పెట్టి, మిట్టమధ్యాహ్నం ఒకసారి ఆరుబయట, ఒకసారి నెట్ కింద కొలవండి. బయట 100 ఉంటే కింద 65–75 రావాలి.

ఇప్పటికే 50 శాతం కొన్నవాళ్లు పారేయనక్కర్లేదు. 8–9 అడుగుల ఎత్తున తీగల మీద, ఒక పక్కకు చుట్టేసేలా కట్టుకోండి. మబ్బు పట్టినప్పుడు తెరిచేయవచ్చు, తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు పూర్తిగా దించేయవచ్చు. బిగించి కట్టిన వల గాలికి గుంజలతో సహా లేస్తుంది.

గట్ల మీద అవిశ చెట్లు ఉన్న తోటలో అయితే ఈ ఖర్చే అక్కర్లేదు. ఆ ఆకుల సందుల్లోంచి దిగే చెదురు నీడ అల్లానికి ఈ నెట్ కన్నా బాగా నప్పుతుంది, కొమ్మలు ఎప్పటికప్పుడు కోస్తుంటే చాలు.