ఒక్కోసారి ఆన్ అవ్వని సీపీయూ: రబ్బరా, కొత్త ఎస్‌ఎంపీఎస్సా, షాపా... ఏది మేలు?

అసలు ఆన్ అవ్వని కంప్యూటర్‌తో పెద్ద గొడవ లేదండీ, ఏదో పార్టు పోయింది, మార్పించేస్తాం, అయిపోద్ది. నాలుగు రోజులు బుద్ధిగా ఆన్ అయ్యి అయిదో రోజు మొండికేసేది ఉంటుంది చూడండి, అదీ తలనొప్పి. మాది వైజాగ్‌లో పెదవాల్తేరు, హాల్ కిటికీ తీస్తే బీచ్ గాలి తిన్నగా కంప్యూటర్ టేబుల్ మీదకే కొడుతుంది. మా బావ వాళ్లది సముద్రానికి దూరంగా పెందుర్తి. ఇద్దరం ఒకే రోజు ఒకే షాపులో ఒకే పార్ట్స్‌తో సీపీయూలు అసెంబుల్ చేయించుకున్నాం, ఇద్దరివీ నాలుగో ఏడాదే మొరాయించడం మొదలెట్టాయి. రోగం ఒకటేలే అనుకుని నేను బావకీ బావ నాకూ సలహాలు ఇచ్చుకున్నాం, అక్కడే దెబ్బతిన్నాం.

ముందు షాపు సంగతి చెప్తా. డాబా గార్డెన్స్‌లో ఓ షాపుకి మూడుసార్లు ఆటోలో ఒళ్లో పెట్టుకుని మోసుకెళ్లా, మూడుసార్లూ అక్కడ బటన్ నొక్కడం ఆలస్యం, డాక్టర్ని చూడగానే జ్వరం తగ్గిపోయిన పిల్లాడిలా టకీమని ఆన్ అయిపోయింది. కుర్రాడేమో "బానే ఉంది కదండీ" అంటాడు, నేనేటి చెప్పను. మూడోసారి మాత్రం "ఎస్‌ఎంపీఎస్ వీకండీ" అని, అంటే లోపల పార్టులకి కరెంటు అందించే డబ్బా వీకని, కొత్తది బిగించేశాడు. వాడి తప్పని కూడా అనలేం, ఎప్పుడో ఓసారి వచ్చే తేడా అరగంటలో వాడి ముందే రావాలంటే ఎలా వస్తుంది? పైగా సిరిపురం దాటేలోపు ఆటో కుదుపులకే లోపల ర్యామ్, అదే మెమరీ చిప్పుల పట్టీ, కాస్త సర్దుకుని ఉంటుందని నాకు తర్వాత తట్టింది. కొత్త ఎస్‌ఎంపీఎస్‌తో వారం నడిచి మళ్లీ అదే తంతు.

అప్పుడిక కూర్చుని, మొరాయించిన రోజున అసలదేం చేస్తోందో చూశా. ఫ్యాన్ తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, మానిటర్‌లో మాత్రం నో సిగ్నల్. బావని ఫోన్లో అడిగితే, వాళ్లది బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదట, ఓ పదిసార్లు నొక్కితే ఎప్పటికో లేస్తుందట, అదీ చలికాలం పొద్దున్నపూటే ఎక్కువట, ఒకసారి వేడెక్కాక రోజంతా ఏ గొడవా లేదట. ఇంకేం, రెండూ వేరు వేరు జబ్బులు. నేనేమో పాపం ఆయన చేత పదిసార్లు ర్యామ్ రుద్దించా!

ఫ్యాన్ తిరిగి బొమ్మ రాకపోతే చాలావరకు ర్యామ్ మీదే అనుమానపడాలి, ముఖ్యంగా మనలా సముద్రం పక్కనున్నవాళ్లు. ఉప్పుగాలికి, చెమ్మకి ర్యామ్ అంచున కాంటాక్టుల మీద పొర కడుతుంది, స్లాట్‌లో పిన్నులకీ చిలుము పడుతుంది, కరెంటు ఓ రోజు అందుతుంది, ఓ రోజు అందదు. ప్లగ్ పీకేసి, పవర్ బటన్ ఓసారి నొక్కి మిగిలిన కరెంటు వదిలించి, ర్యామ్ తీసి పిల్లల పెన్సిల్ రబ్బరుతో మెత్తగా రుద్ది, పొడి దులిపి, తిరిగి స్లాట్‌లో పెట్టి రెండువైపులా క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కడమే. రెండు ర్యాములుంటే ఒక్కోటి విడిగా పెట్టి చూస్తే దోషి కూడా దొరికిపోతుంది. ఖర్చు అయిదు రూపాయల రబ్బరు. కాకపోతే ఇది శాశ్వతం కాదు, నాకు మళ్లీ వానాకాలానికి చేయాల్సొచ్చింది. కంప్యూటర్‌ని కిటికీ దగ్గర్నుంచి జరిపాక మాత్రం ఇప్పటిదాకా పేచీ పెట్టలేదు.

ఉలుకూ పలుకూ లేకపోతే రబ్బరు దండగ. ముందు యూపీఎస్, ఎక్స్‌టెన్షన్ బాక్స్ తీసేసి తిన్నగా గోడ ప్లగ్‌లో పెట్టి చూడండి, బ్యాటరీ చచ్చిన యూపీఎస్ కూడా ఇలాంటి వేషాలే వేస్తుంది. అప్పటికీ అంతే అయితే ఎస్‌ఎంపీఎస్. లోపల కెపాసిటర్లు ఏళ్ల తరబడి వేడికి ఎండిపోయి పట్టు తగ్గుతాయి, వోల్టేజీలు నిలకడగా వచ్చాయి అనే సిగ్నల్ ఎస్‌ఎంపీఎస్ మదర్‌బోర్డ్‌కి, అంటే పార్టులన్నీ బిగించి ఉండే పెద్ద బోర్డుకి, పంపాలి, అది అందకపోతే బోర్డు లేవదు. చాలామంది ఎస్‌ఎంపీఎస్ నుంచి బోర్డుకెళ్లే పెద్ద కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరుకీ నల్ల వైరుకీ పేపర్ క్లిప్ పెట్టి ఫ్యాన్ తిరిగితే బానే ఉందంటారు, నాకైతే ఆ పరీక్ష మీద నమ్మకం లేదు, లోడ్ లేకుండా ఏదైనా తిరుగుతుంది. మల్టీమీటర్ ఉంటే కంప్యూటర్ నడుస్తుండగా పసుపు వైరు 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య ఉందో లేదో చూడొచ్చు. అన్నిటికంటే తెలిసినవాళ్ల మంచి ఎస్‌ఎంపీఎస్ ఓ వారం పెట్టి చూడటమే ఖాయమైన పద్ధతి. దాని డబ్బా మాత్రం విప్పొద్దు, లోపల కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన కరెంటు ప్లగ్ పీకాక కూడా కాసేపు ఉంటుంది.

టైమూ తేదీ వెనక్కి పోతుంటే బోర్డు మీద నాణెంలా ఉండే సీఆర్2032 బ్యాటరీ మార్చండి, అంతే. విండోస్ లోగో దాకా వచ్చి ఆగుతుంటే ఇవేవీ కాదు, విండోస్ సెట్టింగుల్లో ఫాస్ట్ స్టార్టప్ ఆపి చూడండి, డిస్క్ హెల్త్ చూసుకుని ముందు ఫొటోలు వేరే చోట దాచండి.

నన్నడిగితే బొమ్మ రాకపోతే రబ్బరే మేలు, చలనమే లేకపోతే ఎస్‌ఎంపీఎస్ మార్చడం మేలు, షాపు ఈ రెండూ అయ్యాకే, అదీ మొరాయించినప్పుడు తీసిన ఫోన్ వీడియో పట్టుకుని వెళ్తేనే.

అన్నట్టు, నా దాంట్లోంచి వీకని పీకేసిన పాత ఎస్‌ఎంపీఎస్ షాపులో వదలకుండా అడిగి తెచ్చుకున్నాలెండి. ఇప్పుడది పెందుర్తిలో బావ సీపీయూలో ఉంది, మొన్నటి చలికాలమంతా పొద్దున్నే ఒక్క నొక్కుకే లేచిందట.